తలనొప్పికి స్కాన్ సాక్ష్యమా?

సంపాదకుడు గారికి,

మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు నిర్మాణంలో తేడాలు ఉంటాయని వార్త వచ్చినప్పుడల్లా "చూశారా, మేం నాటకాలాడట్లేదు" అని జబ్బున్నవాళ్లు సంబరపడతారు. సెలవు ఇవ్వాల్సినవాళ్లేమో "అయితే నీ స్కాన్ ఏదీ?" అంటారు. నా గొడవ ఈ రెండోదాని గురించే.

నొప్పికి ముందు నాకు స్క్రీన్ మీద అక్షరాల మధ్య ఒక మెరిసే వంకర గీత మొదలై మెల్లగా పక్కకి జరుగుతుంది, అది పోయాక కణతలో పోట్లు, వాంతులు, ఫోన్ వెలుతురు కూడా భరించలేను. అలాంటి ఒక రోజు సెలవు పెడితే ఎంఆర్ఐ రిపోర్టు జతచేయమన్నారు. తీయించాను. అంతా నార్మల్ అని వచ్చింది, ఇంకేముంది, నాకు జబ్బే లేదని తేల్చేశారు!

తేడాలున్న మాట నిజమే. తల, ముఖం నుంచి వచ్చే స్పర్శను అందుకునే మెదడు పొర మైగ్రేన్ ఉన్నవాళ్లలో కాస్త మందంగా ఉందని 2007లో ఒక అధ్యయనం చెప్పింది. అంతకుముందే, 2004లో, నెదర్లాండ్స్ పరిశోధకులు మైగ్రేన్ ఉన్న ఆడవాళ్ల మెదడు లోపలి తెల్ల పదార్థంలో చిన్న చిన్న మచ్చలు ఎక్కువగా ఉన్నాయని గమనించారు. కొన్నేళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే మచ్చలు పెరిగాయి గానీ, వాటివల్ల జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతిన్నట్టు మాత్రం కనిపించలేదు (ఈ ముక్క హెడ్డింగుల్లోకి ఎప్పుడూ ఎక్కదు).

కానీ ఇవన్నీ కొంతమందిని ఒకవైపు, కొంతమందిని మరోవైపు పెట్టి తీసిన సగటు లెక్కలు. నెలనెలా నరకం చూసే మనిషి స్కాన్ శుభ్రంగా ఉండొచ్చు, జన్మలో తలనొప్పి ఎరగని పెద్దాయన స్కాన్‌లో బీపీ వల్లో వయసు వల్లో అవే మచ్చలు ఉండొచ్చు. పైగా ఆ తేడాలు నొప్పికి కారణమో, ఏళ్ల తరబడి నొప్పి పడ్డందుకు వచ్చినవో ఇంకా తేలనేలేదు. అందుకే డాక్టర్లు మైగ్రేన్‌ని మనం చెప్పేది విని గుర్తుపడతారు: మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉంటుందా, ఒకవైపే పోటా, వికారం ఉందా, వెలుతురు, చప్పుడు పడవా అని. స్కాన్ రాసేది వేరే జబ్బేదైనా అనుమానం వచ్చినప్పుడు, అంటే నొప్పి ఒక్కసారిగా విపరీతంగా వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, 50 దాటాక కొత్తగా మొదలైనా.

ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఉన్న జబ్బు ఇది. సెలవుకి డాక్టరు రాసిచ్చిన కాగితం చాలదా? మీరు కూడా ఇలాంటి వార్త వేసేటప్పుడు, ఇది సగటు లెక్క మాత్రమేననీ మైగ్రేన్ ఉందో లేదో స్కాన్ చెప్పలేదనీ ఒక్క వాక్యం చేర్చండి, దాన్ని కత్తిరించి మా ఆఫీసులో ఇస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు