పైతాన్ బ్యాచ్ ఎందుకు ఆగిందంటే

మూడు వారాలుగా మన కంప్యూటర్ సెంటర్ తలుపు మీద ‘సిస్టమ్స్ రిపేరు’ అని కాగితం ఉంది. అది అబద్ధం. సిస్టమ్స్ బాగానే ఉన్నాయి, లేనివి పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలే.

మనం చూపించే వీడియోలు హైదరాబాద్‌లో ఒక కంపెనీవి. ఏడాది డబ్బు 38 వేలు ఏప్రిల్‌లోనే కట్టించుకున్నారు. జూన్‌లో లాగిన్ ఆగిపోయింది. ఫోన్ చేస్తే ‘సర్వర్ మారుస్తున్నాం సార్’ అన్నారు, తర్వాత ‘అకౌంట్స్ వాళ్లని అడగండి’ అన్నారు, ఆ తర్వాత ఎత్తడమే మానేశారు. రాత్రి బస్సుకు వెళ్లాను. వాళ్ల ఆఫీసు ఉన్నచోట టైల్స్ షాపు పెడుతున్నారు. ‘ఈ వారంలో మీరు నాలుగోవారు’ అని వాచ్‌మన్ టీ ఇప్పించాడు. పద్నాలుగేళ్లుగా అనంతపురంలో సెంటర్ నడుపుతున్నవాణ్ణి, ఏడాది డబ్బు ఒకేసారి కట్టకూడదని తెలియదా? తెలుసు. పది శాతం తగ్గిస్తామంటే ఆశపడ్డాను.

‘ఎన్‌పీటీఎల్ ఉంది కదా నాన్నా’ అన్నాడు మావాడు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం అది. ఇప్పుడు ఆ కోర్సులు కేంద్రప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ రోపార్ వాళ్ల 12 వారాల పైతాన్ కోర్సు రెండు రాత్రులు కూర్చుని చూశాను. నేను డబ్బు పోసి కొన్నవాటికంటే బాగుంది. కడుపు మండింది.

మరి దానికి ఫీజు అడగడమా, మానడమా? వారం నిద్రపట్టలేదు. ఒక పెద్దాయన అందరి ముందే అనేశాడు: ‘ఏమప్పా, ఊరికే వచ్చే పాఠానికి దుడ్లు తీసుకుంటావా?’ ఇంకొకాయన పాఠాలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అమ్మమన్నాడు. ఆ పని చేయను. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ తన పాఠాలను నెట్‌లో అందరికీ పెడతామని 2001లోనే ప్రకటించింది, కానీ వాటితో వ్యాపారం చేయకూడదని షరతు ఉంది. ఉచితం అంటే మన సొత్తని కాదు.

పోయినేడాది మన పిల్లలు పదకొండు మంది ఇలాంటి కోర్సులో సొంతంగా చేరారు. పరీక్ష దాకా వెళ్లింది ఇద్దరు. పాఠం ఇంగ్లీషులో, ఇంట్లో ఫోన్ ఒకటే, అసైన్‌మెంట్ గడువు దాటితే మార్కులు పోయినట్టే. అడగడానికి పక్కన మనిషి లేడు. ఆ మనిషికే ఫీజు.

4,500 ఉన్న ఫీజు 1,500 చేశాను. సీటు, నెట్, తెలుగులో డౌట్లు చెప్పడం, గడువు గుర్తు చేయడం నా పని. అసైన్‌మెంట్ జవాబులు మాత్రం చెప్పను, బతిమాలొద్దు. పాఠాలకు డబ్బు తీసుకోను. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు మీరే ఎన్‌పీటీఎల్ వాళ్లకు కట్టాలి. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ రావాలి.

ముందే పూర్తి ఫీజు కట్టినవాళ్లు రసీదు తెచ్చి మూడు వేలు తీసుకెళ్లండి. జూలై సెమిస్టర్‌తో బ్యాచ్ మొదలు. తలుపు మీది కాగితం పొద్దున్నే చించేశాను.

ఆ పెద్దాయన మనవరాలికి కిటికీ పక్క సీటు ఉంచాను. ఫీజు మాత్రం రూపాయి తగ్గించను.