‘వాళ్ల ఖర్మ’ అనే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

రాయగడ రైల్వే స్టేషన్ బయట నాకు టిఫిన్ బండి ఉంది. పదిహేడేళ్లుగా అక్కడే ఉన్నాను. రోజుకోసారైనా నా చెవిన పడే మాట ‘వాళ్ల ఖర్మ’. దాని గురించే ఈ ఉత్తరం.

1936లో ఒడిశాలో కలిసేదాకా మా ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. ఇప్పటికీ పెద్ద జబ్బు చేస్తే చాలామంది పరుగెత్తేది విశాఖకే. అక్కడ చూపించుకుని రైలు దిగి, కొండ ఊళ్ల బస్సుల కోసం కూర్చునేవాళ్లు నాకు కనిపిస్తూనే ఉంటారు. చేతిలో ఎక్స్‌రే కవరు, మందుల సంచీ. కొందరికి కుయి తప్ప మరో భాష రాదు. బస్సు బోర్డు చదవలేరు.

పోయిన వేసవిలో కాశీపూర్ వెళ్లాల్సిన ఒక ముసలి జంట అలాగే కూర్చున్నారు. ఆవిడ దవడకు కట్టు. టిఫిన్ తింటున్న ఒకాయన అటు చూసి, ‘ఏం చేస్తామమ్మా, చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత’ అంటూ చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ మాట నేనూ ఎన్నోసార్లు అన్నదాన్నే.

రెండిడ్లీలు గిన్నెలో వేసి, వేడినీళ్లు చిలకరించి, ఉప్పు కలిపి మెత్తగా మెదిపి ఇచ్చాను. ఆవిడ చిటికెడు చిటికెడుగా పెదాల మధ్య పెట్టుకుని మింగింది. ముసలాయన రొంటిన దోపుకున్న నోటు తీశాడు. వద్దన్నాను. ఆయన ఊరుకోలేదు. నా ఖాళీ బకెట్లు రెండూ తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్లాడు. డ్రమ్ము నిండేదాకా తిరుగుతూనే ఉన్నాడు. ఆపుదామని లేచి, మళ్లీ కూర్చున్నాను. నేను పెట్టినప్పుడు నాకు కలిగిన తృప్తి ఆయనకు మాత్రం ఎందుకు ఉండకూడదు?

మా వీధి రామమందిరంలో పంతులుగారు సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని కర్మ మూడు రకాలని చెబుతుంటారు. కూడబెట్టుకున్నది, అనుభవిస్తున్నది, ఇప్పుడు చేస్తున్నది. మనమేమో ఎదుటివాళ్ల ప్రారబ్ధం లెక్క కట్టడంలో ఉంటాం. అది మనకు తెలిసేది కాదు. ఆ దవడ నొప్పి ఆవిడ ఖర్మే అనుకుందాం, గిన్నె చేతిలో ఉండి కూడా నేను పెట్టకపోతే అది ఎవరి ఖర్మ?

పెడితే పుణ్యం తిరిగొస్తుందని పెట్టేవాళ్లూ ఉన్నారు. పెట్టనీయండి, ఆకలి తీరుతుంది. కానీ బదులు ఆశించి ఇచ్చేది రాజసదానమని గీత పదిహేడో అధ్యాయంలో ఉంది. నాకైతే అది చీటీ కట్టినట్టే అనిపిస్తుంది.

స్టేషన్ దగ్గరి మన తెలుగు వ్యాపారులకు ఒక్కటే మనవి. ఎవరైనా బస్సు తెలియక నిలబడి ఉంటే రెండు అడుగులు వేసి ఎక్కించండి. బస్సు తప్పిపోతే నా బండి దగ్గరికి పంపండి. రాత్రి తొమ్మిదింటి దాకా పొయ్యి ఆర్పను.

– ఒక పాఠకురాలు, రాయగడ, ఒడిశా