డర్బిన్ ఓట్ల లిస్టులో కనపడని లెక్క

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో అమెరికా సెనేటర్ డిక్ డర్బిన్ రిటైర్ అవుతున్న విషయం మీద చిన్న ఐటెం వేశారు, అందులో "మనవాళ్ళ గ్రీన్‌కార్డులకి అడ్డం పడ్డ నేత" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మావాడు ఆయన రాష్ట్రంలోనే, చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాడు, పన్నెండేళ్ళ నుంచి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు, కాబట్టి ఆ మాట చదివి నేను సంతోషపడాలి నిజానికి. 2019లో నేనూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ణే.

కానీ మొన్న చలికాలం ఆర్నెల్లు అక్కడే ఉన్నాను, బయట కాలు పెడితే మంచు, పనీపాటా లేదు, మా మనవరాలు ల్యాప్‌టాప్‌లో సెనేట్ ఓట్ల రికార్డు తీసి ఇచ్చి "తాతయ్యా ఇది చూస్తూ ఉండు" అంది. బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెడ్జర్లు తిప్పిన చెయ్యి కదండీ, ఊరుకోదు, కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను.

డర్బిన్ 1997 నుంచి సెనేట్‌లో ఉన్నాడు. 2002లో ఇరాక్ మీద యుద్ధానికి బుష్‌కి అధికారం ఇచ్చే తీర్మానం 77–23తో పాసైంది, వద్దన్న ఆ 23 మందిలో ఈయనొకడు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో వచ్చి కాగితాల్లేకుండా ఉండిపోయిన పిల్లల కోసం డ్రీమ్ యాక్ట్ అనే బిల్లు 2001 నుంచి పెడుతూనే ఉన్నాడు, 2010 డిసెంబర్‌లో 55 ఓట్లు పడ్డాయి, అయినా సెనేట్‌లో చర్చ ముగించి ముందుకెళ్ళాలంటే 60 కావాలి కాబట్టి ఆగిపోయింది. ఇంకోటి కూడా చెప్పాలి, అక్కడ ఉద్యోగం చెయ్యడానికిచ్చే హెచ్1బి వీసాల దుర్వినియోగం మీద ఇంకో సెనేటర్ గ్రాస్లీతో కలిసి 2007లో బిల్లు పెట్టింది కూడా ఈయనే. మన కన్సల్టెన్సీలవాళ్ళకి ఆయనంటే అందుకే ఒళ్ళు మంట, మా అబ్బాయైతే ఆ బిల్లులో సగం కరెక్టే అంటాడు, ప్రాజెక్టు లేక బెంచ్ మీద జీతం లేకుండా కూర్చున్న రోజులు వాడికింకా గుర్తున్నాయి.

అసలు విషయం 2013 జూన్ 27. ఆ రోజు సెనేట్‌లో పెద్ద ఇమ్మిగ్రేషన్ బిల్లు 68–32తో పాసైంది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం మించి ఇవ్వకూడదన్న రూల్‌ని తీసేసే బిల్లు అది, మనవాళ్ళ పీక పట్టుకున్న రూల్ అదే కదా. ఆ బిల్లు రాసిన ఎనిమిది మంది సెనేటర్లలో డర్బిన్ ఒకడు, దానికి అనుకూలంగా ఓటు కూడా వేశాడు. వద్దని వేసిన 32 మందిలో ఎవరున్నారో చూస్తే యూటా సెనేటర్ మైక్ లీ ఉన్నాడు! 2019లో మనవాళ్ళందరూ దేవుడన్నట్టు పొగిడిన మైక్ లీ ఆయనే. (ఆ బిల్లుని హౌస్‌లో, అంటే వాళ్ళ దిగువ సభలో, అసలు ఓటింగ్‌కే తేలేదు, అది వేరే ఏడుపు.)

మరి 2019లో ఏమైంది? అదే 7 శాతం తీసేసే బిల్లు హౌస్‌లో జూలై 10న 365–65తో పాసైంది. సెనేట్‌లో మైక్ లీ అలాంటి బిల్లునే మామూలు ఓటింగ్‌కి కాకుండా ఏకగ్రీవం పద్ధతిలో తెచ్చాడు, అంటే వందమందిలో ఒక్కడు లేచి అబ్జెక్షన్ అంటే చాలు, అక్కడికి ఆగిపోతుంది. జూన్‌లోనే కెంటకీ సెనేటర్ రాండ్ పాల్ అన్నాడు, సెప్టెంబర్‌లో జార్జియా సెనేటర్ పెర్డ్యూ అన్నాడు, అక్టోబర్‌లో డర్బిన్ అన్నాడు, మళ్ళీ 2020 ఆగస్టులో ఫ్లోరిడా రిక్ స్కాట్. నలుగురిలో ముగ్గురు మైక్ లీ ఉన్న రిపబ్లికన్ పార్టీవాళ్ళే, కానీ మనకి గుర్తున్న పేరు ఒక్కటే.

డర్బిన్ చెప్పిన కారణం ఏంటంటే ఏడాదికి ఇచ్చే లక్షా నలభై వేల గ్రీన్‌కార్డులు పెంచకుండా దేశాల లెక్క తీసేస్తే క్యూ తగ్గదు, నిలబడే మనుషులు మారతారంతే, కాబట్టి మొత్తం సంఖ్య పెంచుదాం అని ఆయన ఇంకో బిల్లు పెట్టాడు. ఆ వాదన నాకు పూర్తిగా మింగుడు పడలేదు, నూట నలభై కోట్ల దేశానికీ ఐస్‌లాండ్‌కీ ఒకటే లిమిట్ ఏంటండీ. కానీ శత్రువు మాట్లాడే మాట కాదది. 2019 డిసెంబర్‌లోనే ఆయనా లీ కూర్చుని రాజీకొచ్చారు కూడా.

చివరికి ఆ 7 శాతం తీసేసే బిల్లు 2020 డిసెంబర్ 2న సెనేట్‌లో ఏకగ్రీవంగా పాసైంది. మా ఇంట్లో ఆ రోజు స్వీట్లు కూడా పంచాం. తీరా చూస్తే హౌస్ పాస్ చేసింది ఒకటి, సెనేట్ మార్చి పాస్ చేసింది ఇంకోటి, రెండూ కలిపేలోపు జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువే అయిపోయి బిల్లు చచ్చింది. అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట మాయం. తమాషా ఏంటంటే మనకి ఇంత ముఖ్యమైన బిల్లు మీద సెనేట్ ఓట్ల లిస్టులో ఎవరి పేరు పక్కనా ఏమీ ఉండదు, ఏకగ్రీవం కదా, ఆపినవాళ్ళవీ లేవు, ఒప్పుకున్నవాళ్ళవీ లేవు.

ఇది మనకేం కొత్త కాదులెండి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులేసి, టీవీ లైవ్ ఆగిపోయి, మూజువాణి ఓటుతో రాష్ట్ర విభజన బిల్లు పాసైంది, ఏ ఎంపీ అవునన్నాడో ఏ ఎంపీ కాదన్నాడో పేర్లతో లెక్క ఇవాళ్టికీ లేదు. సంతోషించినవాళ్ళం ఉన్నాం, ఏడ్చినవాళ్ళం ఉన్నాం, లెక్క మాత్రం ఇద్దరికీ లేదు.

అందుకే నా మనవి. అమెరికా నాయకుల గురించి రాసేటప్పుడు మనవాడా పగవాడా అని ముద్ర వేసేముందు ఏ బిల్లు, ఏ ఏడాది, ఓటేశాడా, ఆపాడా, ఎందుకు ఆపానన్నాడు అని నాలుగు లైన్లు ఎక్కువ రాయండి. ఇక్కడ ప్రతి వీధిలో ఒకళ్ళ పిల్లలు అక్కడున్నారు, సినిమా పేజీ కంటే ముందు అదే చదువుతాం. 2026 ఎన్నికల్లో నిలబడనని డర్బిన్ 2025 ఏప్రిల్‌లోనే చెప్పేశాడు, ఆ సీట్లోకి వచ్చేవాళ్ళ సంగతైనా ముందుగా రాస్తే బాగుంటుంది. మావాడికి అక్కడ ఓటు లేదు. మా మనవరాలికి ఇరవయ్యొకటి నిండడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది, ఆ తర్వాత అమ్మానాన్నల వీసా మీద ఉండటానికి ఉండదట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
తెనాలి