క్రిస్మస్ పనులు ఒక్కరి చేతిలో పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్ నెల దగ్గర పడుతోంది. సికింద్రాబాద్, అబిడ్స్‌లోని పాత చర్చిల నుంచి ఉప్పల్, కూకట్‌పల్లిలో మేడ మీద రేకుల షెడ్డులో కూడుకునే చిన్న సంఘాల దాకా కమిటీలు కూర్చుని పనులు పంచుకునే రోజులివి. సంఘం చీలిందనో, గేటుకు తాళం పడిందనో పత్రికలో చదివిన బయటివాళ్లు అదేదో సిద్ధాంత భేదం అనుకుంటారు. లోపలివాళ్లకు తెలుసు. ఆరాధనలో వేసిన కానుకల సంచి ఎవరు విప్పారు, మైకు ఎవరి చేతిలో ఉంది, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో చిన్నదైంది, ఇంటింటికీ తిరిగి పాడే క్యారల్స్ బృందం ఎవరింటికి రాలేదు... చాలా తగాదాలు ఇలాంటి వాటి దగ్గరే రాజుకుంటాయి. వినయం మీద ప్రసంగాలకు మనకేం కొదవ లేదు, పని పంచుకోవడమే చేతకావడం లేదు.

ముందు కానుకల సంగతి. ఆరాధన అయ్యాక సంచులు వెస్ట్రీలో, అంటే చర్చి పక్క గదిలో, బల్ల మీద కుమ్మరించేటప్పుడు కనీసం ముగ్గురుండాలి. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. బావాబావమరుదులు కూర్చుని లెక్కపెడితే అది ఒక్కరు లెక్కపెట్టినట్టే. మొదట కవర్లు వేరు చేయాలి. దశమభాగమైనా (రాబడిలో పదో వంతు), కృతజ్ఞత కానుకైనా కవరు మీద రాసిన మొత్తం లోపలి డబ్బుతో సరిపోయిందో లేదో అప్పటికప్పుడే చూడాలి. తేడా ఉంటే కవరు మీదే రాసి ఇద్దరు సంతకం పెట్టాలి. కవరు చించి బుట్టలో పడేశాక ఎవరైనా వచ్చి 'నేను 2,000 వేశాను' అంటే చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఆ తర్వాత విడి నోట్లు, చిల్లర. ఒకరు లెక్కపెట్టింది రెండోవారు మళ్లీ లెక్కపెడతారు, మూడోవారు ఏ నోట్లు ఎన్నో చీటీ రాస్తారు. చీటీ మీద ముగ్గురి సంతకాలు ఉండాలి. డబ్బు సోమవారం బ్యాంకుకు వెళ్లిపోవాలి.

ఇంత చేసినా ఒకచోట బోల్తా పడతాం. లెక్క కాకముందే సంచిలోంచి ఖర్చులు తీసేస్తాం. కీబోర్డు వాయించే అబ్బాయికి ఆటోకు 200, పూలకు 350 అని అక్కడికక్కడే ఇచ్చేస్తారు. ఎవరూ తిన్నది లేదు, కానీ రిజిస్టరులో ఆ ఆదివారం కానుక 550 తక్కువ పడింది. వారం వారం ఇలా జరిగితే ఏడాది చివర ఆడిట్‌లో వాటికి రసీదు ముక్క కూడా ఉండదు, మాట పడేది కోశాధికారి. వచ్చిందంతా ముందు జమ రాయాలి, ఖర్చు ఆ తర్వాత వోచరు మీద ఇవ్వాలి. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌కూ ఇదే వరస. స్కాన్ చేస్తే సంఘం ఖాతా పేరు రావాలి గానీ పాస్టరు అయ్యగారి పేరో, కోశాధికారి కొడుకు పేరో రాకూడదు.

'నమ్మకస్తుడైన మనిషికి ఇంత కాపలా ఎందుకండీ' అని నొచ్చుకునేవాళ్లుంటారు. యెరూషలేములోని పేదల కోసం పోగైన చందా విషయంలో, తొలి సంఘాలను నడిపిన అపొస్తలుల్లో ఒకడైన పౌలు ఏం చేశాడో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని కూడా ఆ పనిలో పెట్టాడు, తన మీద ఎవరూ తప్పు మోపకూడదని. అపొస్తలుడికి లేని నామోషీ మనకెందుకు?

ఇక క్యారల్స్. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ వాడకూడదు కాబట్టి 6.30కు బయల్దేరితే చేతిలో ఉండేది మూడున్నర గంటలు. ఒక్కో ఇంట్లో రెండు పాటలు, చిన్న వాక్యం, ప్రార్థన కలిపి 15 నిమిషాలు, దారికి 10. అంటే రాత్రికి 8 ఇళ్లు. కమిటీ మాత్రం మొహమాటానికి 14 రాసుకుంటుంది. మొదట పెద్దవాళ్ల ఇళ్లు. అక్కడ కేకు, బిర్యానీ, సోఫాలో ఫొటోలు. బస్తీలోని ఒంటి గది ఇళ్లు చివరికి మిగులుతాయి. అక్కడికి చేరేసరికి గిటారు అబ్బాయి ఇంటికెళ్లిపోయుంటాడు, క్రిస్మస్ తాత గడ్డం జేబులో పెట్టుకుని బండి మీద కూర్చునుంటాడు. ఒక పాట, గబగబా ప్రార్థన, 'టైమైపోయిందమ్మా'. సాయంత్రం నుంచి గడపకు స్టార్ కట్టి, పక్కింటి నుంచి గ్లాసులు అరువు తెచ్చి టీ కాచిన ఆ అమ్మ ఏమీ అనదు. మరుసటి ఏడాది పేరు రాయించుకోదు, అంతే.

దీనికి మందు వరస తిప్పడమే. దూరంగా ఉన్న బస్తీతో మొదలుపెట్టి, కారున్న ఇళ్లు చివర పెట్టుకోవాలి. తినుబండారాలు రాత్రికి ఒక్క ఇంట్లోనే, ఆ ఇల్లు ఏదో ముందే ఖాయం చేసుకోవాలి. క్రితం ఏడాది ఎవరిల్లు తప్పిపోయిందో, ఈ ఏడాది దారి గీసే పని వాళ్ల చేతికే ఇవ్వాలి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో జరిగింది ఇలాంటిదే. రోజూ పంచేదాంట్లో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు వాళ్లను గద్దించలేదు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురి పేర్లు చూడండి, అన్నీ గ్రీకు పేర్లే. పంచే పని సణిగినవాళ్ల వైపుకే ఇచ్చినట్టుంది. మన కమిటీల్లో ఫిర్యాదు చేసిన మనిషిని మరుసటి మీటింగుకు పిలవడమే గొప్ప.

ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనం, లెక్క సుమారుగా అందరికీ తెలిసిందే. 300 మందికి బగారా అన్నానికి 35 కిలోల బియ్యం, కూరకు 45 కిలోల చికెన్. సరుకు సరిపోతుంది, అయినా చివరి యాభై మందికి పులుసే మిగులుతుంది. ముందు వరసలో గరిటె మొహం చూసి పడుతుంది మరి. ఆ చివరి యాభై మందీ ఎవరనుకున్నారు? రోడ్డు మీద బండ్లు సర్దినవాళ్లు, వైర్లు చుట్టినవాళ్లు, సండే స్కూల్ టీచర్లు. సంఘ పెద్దలు వడ్డించి ఆఖర్న తింటే సరి. అలా తినే సంఘాల్లో చికెన్ లెక్క రెండో ఏడాది తప్పడం అరుదు.

మైకుల గురించి రెండే ముక్కలు. మిక్సర్ దగ్గర ఒక్కరే ఉండాలి, పాడేవాళ్లెవరూ దాన్ని ముట్టుకోకూడదు. స్పీకర్లు మైకుల వెనక పెడితే కూత రాక మానదు. శృతి లీడ్ పాడే కుర్రాడి గొంతును బట్టి కాకుండా బెంచీల్లో కూర్చున్నవాళ్లను బట్టి ఉండాలి. పై స్థాయికి వెళ్లినప్పుడు ఆడవాళ్లు, పెద్దవాళ్లు పాడటం ఆపేస్తే అరమెట్టు దించండి.

ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, 200 మందికి చిన్న కప్పుకు 10 మిల్లీలీటర్ల చొప్పున రెండు లీటర్లు, ఒలికేదానితో కలిపి రెండున్నర లీటర్ల ద్రాక్షరసం పడుతుంది. పోయడానికి పోటీ ఉంటుంది. కడగడానికి ఎప్పుడూ స్త్రీల మైత్రిలోని (సంఘంలోని ఆడవాళ్ల బృందం) ఆ ఇద్దరే. సాయంత్రం దాకా వదిలేస్తే రసం అడుగున జిగురులా పట్టుకుంటుంది, వేడినీళ్లతో వెంటనే కడగాలి. ఆ జాబితాలో కార్యదర్శిగారి పేరు కూడా వేయండి, నష్టమేమీ లేదు.

దాతల పేర్ల సంగతి చెప్పాలంటే కష్టమే. ఫ్యాను రెక్క మీద కూడా తాతగారి పేరు తిరుగుతుంటుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చిని కట్టింది కరువు రోజుల్లో తిండి కోసం రాళ్లు మోసిన కూలీలు. మనకు గుర్తున్నది దాన్ని కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర పేరొక్కటే. కొత్త వస్తువు ఇచ్చినవాళ్ల పేరు రిజిస్టరులో రాసి రసీదు ఇస్తే చాలు, వస్తువు మీద వద్దని కమిటీ ఒక్కసారి తీర్మానం చేసుకుంటే ఎవరికీ విడిగా చెప్పి నొప్పించే పనుండదు.

పనుల జాబితా నవంబరు మూడో ఆదివారానికి నోటీసు బోర్డు మీద ఉండాలి. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు, అందులో ఒకరు పోయినేడు ఆ పని చేయనివారై ఉండాలి. బీరువా తాళాలు రెండు జతలు చేయించి రెండిళ్లలో పెట్టండి. తెలుగు ఆరాధన తర్వాత అదే హాలులో మరో భాష సంఘం కూడుకునే చోట, కుర్చీలు సర్ది ఇచ్చే బాధ్యత ఎవరిదో కూడా ఆ జాబితాలోనే రాయండి. రాయకపోతే అది వాచ్‌మన్ నెత్తిన పడుతుంది.

- సంఘ పనుల్లో ఉన్న కొందరు, సికింద్రాబాద్