నాన్న మోకాళ్ళు, మనింటి కార్డు

లాయిడ్‌మినిస్టర్, కెనడా
నవంబరు 2025

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మంచు మొదలైంది. పిల్లలిద్దరికీ జలుబు తప్ప ఇంకేం ఇబ్బంది లేదు.

నాన్నా, మీరు వాట్సాప్‌లో పంపిన ఎక్స్‌రే చూశాను. ఫోన్లో మాట్లాడుతుంటే క్లినిక్ నుంచి పిలుపొచ్చి సగంలో పెట్టేయాల్సి వచ్చింది. మీరు మోకాళ్ళ ఆపరేషన్ గురించి అడిగారు. తమ్ముడేమో పీజీలో ఏ బ్రాంచి తీసుకోవాలని అడిగాడు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను, ఎందుకంటే నా దృష్టిలో రెండూ ఒకటే విషయం. డాక్టరుకి డబ్బు ఎవరిస్తున్నారు, ఏ పనికి ఇస్తున్నారు అన్నది తెలిస్తే, పేషెంటుకి ఏ వైద్యం సులువుగా దొరుకుతుందో, ఏది దొరకదో దాదాపు చెప్పేయొచ్చు. ఇది నేను బరంపురం మెడికల్ కాలేజీలో నేర్చుకున్నది కాదు, ఇక్కడికొచ్చి ప్రాక్టీసు పెట్టాక అర్థమైంది.

ముందు బాబాయి సందేహం తీరుస్తాను. కెనడాలో డాక్టర్లందరూ గవర్నమెంటు ఉద్యోగులే అనుకుంటున్నాడు. కాదు. నాలాంటివాళ్ళకి జీతం లేదు. ప్రతి పనికీ ఒక కోడు, కోడుకో రేటు ఉంటుంది. ఆ రేట్లని రాష్ట్ర ప్రభుత్వమూ డాక్టర్ల సంఘమూ బేరమాడుకుని ఖాయం చేస్తాయి. నేను పేషెంటుని చూసి కోడు పంపితే ప్రభుత్వం డబ్బు వేస్తుంది. క్లినిక్ అద్దె, రిసెప్షన్ అమ్మాయి జీతం, కంప్యూటరు ఖర్చు అన్నీ అందులోంచే. పేషెంటు దగ్గర ఆ పైన ఒక్క డాలరు తీసుకోవడానికి వీల్లేదు. 1984లో వచ్చిన కెనడా హెల్త్ యాక్ట్ ప్రకారం, ఏ రాష్ట్రమైనా డాక్టర్లని అలా అదనంగా వసూలు చేయనిస్తే అంత సొమ్మూ కేంద్రం ఆ రాష్ట్రానికిచ్చే డబ్బులో కోసేస్తుంది.

ఈ పద్ధతి ఈ రాష్ట్రంలోనే, సస్కాచువాన్‌లోనే పుట్టింది. టామీ డగ్లస్ అని ఇక్కడ ముఖ్యమంత్రిగా చేశాడు. చిన్నప్పుడు కాలి ఎముకకి చీము పట్టి కాలు తీసేయాల్సిన పరిస్థితి వస్తే, ఒక సర్జను విద్యార్థులకి చూపించడం కోసమని ఉచితంగా ఆపరేషన్ చేశాడట. తన కాలు అదృష్టం మీద ఆధారపడకూడదు కదా అని డగ్లస్ జీవితాంతం చెబుతూనే ఉండేవాడు. ఆయన మొదలుపెట్టిన పథకం 1962 జూలై 1న అమల్లోకి వస్తే, ఆ రోజే డాక్టర్లు సమ్మె కట్టారు. 23 రోజులు. ఇంగ్లండు నుంచి డాక్టర్లని రప్పించి క్లినిక్కులు నడిపారు. చివరికి రాజీ కుదిరింది: డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, డాక్టరు మాత్రం ఉద్యోగి కాడు, ఎవరిని చూస్తే దానికే బిల్లు. పేషెంటు తనకి నచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. నేను ఈరోజు బతుకుతున్నది ఆ రాజీ మీదే.

అందులో ఉన్న మంచీ చెడూ రెండూ నా గదిలోనే కనిపిస్తాయి. గొంతు నొప్పని వచ్చిన కుర్రాడు అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతాడు. షుగరు, బీపీ, కీళ్ళ నొప్పులు, భార్య పోయిన దిగులు, ఇన్నీ మోసుకుని వచ్చే పెద్దాయనకి అరగంట కూడా చాలదు. ఇద్దరి ఫీజులో తేడా ఏమంత ఉండదు. అందుకే చాలా క్లినిక్కుల్లో ఒక్కసారికి ఒక్క సమస్యే చెప్పాలని బోర్డు పెడతారు. నేను పెట్టలేదు, పెట్టను. దానివల్ల నాకు తక్కువ వస్తుంది, అదీ నిజమే. కంటి శుక్లాల ఆపరేషన్‌కేమో, అది చాలాసేపు పట్టే రోజుల్లో కట్టిన రేటు. ఇప్పుడు నిమిషాల్లో అయిపోతున్నా రేటు అంత తగ్గలేదు కాబట్టి ఆ డాక్టర్ల సంపాదన మా కంటే ఎన్నో రెట్లు. ఇది చూసిన కుర్ర డాక్టర్లు ఫ్యామిలీ ప్రాక్టీసు వైపు ఎందుకొస్తారు? దేశమంతా లక్షల మందికి సొంత డాక్టరే లేడు. డాక్టర్ని ఎంచుకునే హక్కు ఉంది, ఎంచుకోవడానికి మనిషి లేడు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2023 ఫిబ్రవరిలో పద్ధతి మార్చి, పేషెంటుతో గడిపిన సమయానికి కూడా డబ్బివ్వడం మొదలుపెట్టింది. మా దగ్గరా అలాగే రావాలని నా కోరిక.

ఇక మోకాలు మార్పిడి అంటే ఇక్కడ ముందు నాలాంటి డాక్టరు చీటీ రాయాలి, తర్వాత స్పెషలిస్టు చూడాలి, ఆపైన లైను. ఆపరేషన్ చేయాలని తేల్చిన నాటి నుంచి 26 వారాల్లోపు అయిపోవాలని 2005లో రాష్ట్రాలన్నీ ఒప్పుకున్నాయి. చాలామందికి అంతకంటే ఆలస్యమే అవుతోంది. నొప్పితో నిద్రపట్టని మనుషులని నేను నెలల తరబడి చూస్తూ ఉండాల్సి వస్తుంది, చాలా బాధగా ఉంటుంది. అయినా చెబుతున్నాను నాన్నా, ఇక్కడ ఆయిల్ కంపెనీ మేనేజరూ, ఆ ఆఫీసులో ఊడ్చే ఆవిడా ఒకే లైన్లో ఉంటారు. డబ్బున్న కొందరు అమెరికా వెళ్ళి చేయించుకుంటారు గానీ ఊళ్ళో మాత్రం లైను దాటడానికి లేదు. ఈ ఒక్క విషయంలో ఈ దేశానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఈ ఊరి గురించి మీకో సంగతి చెప్పాలి. లాయిడ్‌మినిస్టర్ మధ్యలోంచే రెండు రాష్ట్రాల సరిహద్దు పోతుంది. పెద్ద రోడ్డుకి ఒక పక్క ఆల్బర్టా, ఇంకో పక్క సస్కాచువాన్. ఆసుపత్రి సస్కాచువాన్ వైపు ఉంది. ఆల్బర్టా కార్డుతో ఎవరైనా వస్తే మేం వెనక్కి పంపం. ఆ లెక్కలు ప్రభుత్వాలు తమలో తాము చూసుకుంటాయి. మొదట్లో అది చూసినప్పుడల్లా నాకు ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడీ, ఆంధ్రాలో ఉన్న పిన్ని వాళ్ళ పాతపట్నమే గుర్తొచ్చేవి. ఆటోలో వెళ్ళొచ్చే దూరం. పిన్ని వాళ్ళకి 2007లోనే ఆరోగ్యశ్రీ వచ్చింది, మొదటి విడతలో శ్రీకాకుళం జిల్లా ఉంది కాబట్టి. మావయ్యకి గుండె ఆపరేషన్ విశాఖపట్నంలో కార్డు మీదే అయిపోయింది. మన వీధిలో వాళ్ళు అదే జబ్బుకి, అదే ఊళ్ళో, పొలం అమ్ముకుని చేయించుకున్నారు. మనిషి ఒకటే, భాష ఒకటే, వెళ్ళే ఆసుపత్రీ ఒకటే. రేషను కార్డు మీద ఏ రాష్ట్రం పేరుందో దాన్ని బట్టి పొలం మిగిలిందీ పోయిందీ. 2018 ఆగస్టు 15న ఒడిశా ప్రభుత్వం బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన పెట్టాక మనవాళ్ళకీ కొంత ఆసరా దొరికింది. ఆ సెప్టెంబరులోనే వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌లో మాత్రం రాష్ట్రం చేరలేదు. ఈ ఏడాది, 2025లో చేరింది. డెబ్బయ్యేళ్ళు దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే వయ వందన కార్డు మీకు అలా వచ్చిందే. దేశంలో ఎక్కడైనా పథకంలో ఉన్న ఆసుపత్రిలో పనిచేయాలన్నది దాని నియమం.

నియమం బాగుంది. ఇప్పుడు ఆ డబ్బు ఎలా కదులుతుందో వినండి, మీ మోకాళ్ళకి అదే ముఖ్యం.

కార్డు కింద ఆసుపత్రికి ఇచ్చేది ప్యాకేజీ. ఇంప్లాంటు, థియేటరు, మంచం, మందులు, మత్తు డాక్టరు, సర్జను, అన్నిటికీ కలిపి ఒకే మొత్తం. ఎంత తొందరగా పంపించేస్తే, ఎంత ఎక్కువమందికి చేస్తే ఆసుపత్రికి అంత మిగులు. ఆ మొత్తం సరిపోదని ఆసుపత్రులంటాయి, కొన్ని ఆపరేషన్ల విషయంలో అది నిజం కూడా. పైగా ప్రభుత్వాల నుంచి బకాయిలు ఆలస్యంగా వస్తాయి. ఆంధ్రాలో ప్రైవేటు ఆసుపత్రులు బకాయిల కోసం ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామని, ఆపేసి కూడా, ఎన్నిసార్లు గొడవ చేశాయో మీరూ పేపర్లో చూశారు. ఈ మధ్యలో నలిగేది ఇద్దరు: ఆసుపత్రిలో పనిచేసే మామూలు డాక్టరు, కార్డు పట్టుకుని వచ్చిన పేషెంటు. డాక్టరుకి జీతం నెలల తరబడి ఆగుతుంది. పేషెంటుతో మంచాలు లేవంటారు, లేదా మంచి రకం వేయాలంటే పై డబ్బు కట్టమంటారు.

పై డబ్బు అడిగితే కట్టకండి. కార్డు మీద చేసేదానికి విడిగా తీసుకోకూడదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలని నిర్ణయించింది. ఫారిన్ మోకాలు అని చెప్పి ఎవరైనా లక్షలు అడిగితే ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకోటుంది. కార్డు ఆసుపత్రిలో చేరితేనే పలుకుతుంది. చేరడానికి 3 రోజుల ముందు, ఇంటికి పంపాక 15 రోజుల వరకు అయ్యే ఖర్చు అందులో కలుస్తుంది, అంతే. అమ్మ బీపీ మాత్రలకి, మీ షుగరు పరీక్షకి, మోకాలి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీకి రూపాయి రాదు. అంటే ఆపరేషన్ అవసరం రాకుండా చూసే డాక్టరుకి ఈ పథకం ఏమీ ఇవ్వదు, ఆపరేషన్ చేసే డాక్టరుకి ఇస్తుంది. నీళ్ళు పల్లానికి పోయినట్టు డాక్టర్లు అటే పోతారు. గర్భసంచి ఆపరేషన్ల విషయంలో ఆంధ్రాలో జరిగింది ఇదే. ఆరోగ్యశ్రీ వచ్చాక అవసరం లేనివాళ్ళకి కూడా తీసేస్తున్నారని గొడవైతే, చివరికి వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. చిన్న వయసులోనే తీయించేసుకున్న ఆడవాళ్ళు మన వీధిలో, పిన్ని వాళ్ళ వీధిలో ఎంతమంది ఉన్నారో అమ్మకి తెలుసు. వాళ్ళలో ఎందరికి నిజంగా అవసరమో ఇప్పుడెవరు చెబుతారు?

మన బజార్లో క్యాంపు పెట్టినవాళ్ళు మిమ్మల్ని కాసేపు చూసి రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్చేద్దాం, కార్డుంది కదా అన్నారని చెప్పారు. కార్డుండటం ఆపరేషన్‌కి కారణం కాదు నాన్నా. ఎక్స్‌రేలో అరుగుదల ఉంది, నేను కాదనను. కానీ ఎక్స్‌రే ఒక్కటే చూసి ఎవరూ మోకాలు మార్చకూడదు. రాత్రి నొప్పికి నిద్ర లేస్తున్నారా? మార్కెట్టుకి నడిచి వెళ్ళి రాగలుగుతున్నారా? మెట్లు ఎక్కేటప్పుడు ఎలా ఉంది? వీటికి జవాబు రాసి పంపండి. తొడ కండరాలకి బలం వచ్చే వ్యాయామం మూడు నెలలు చేసి, కాస్త బరువు తగ్గితే చాలామందికి ఆపరేషన్ వెనక్కి పోతుంది. డబ్బు నేను పంపుతాను, ఫిజియోథెరపిస్టుని పెట్టుకోండి.

దీనికి ముందే బరంపురం వెళ్ళి మా కాలేజీ ఆర్థో విభాగంలో ఒకసారి చూపించండి. అక్కడివాళ్ళు జీతం మీద పనిచేసేవాళ్ళు, మీ ఒక్క ఆపరేషన్ మీద వాళ్ళ బతుకు ఆధారపడి లేదు. క్యూ ఉంటుంది, విసుగ్గా ఉంటుంది, తమ్ముణ్ణి వెంటపెట్టుకుని వెళ్ళండి. వాళ్ళు కూడా మార్చాలంటే అప్పుడు విశాఖపట్నం ఆలోచిద్దాం. బయల్దేరే ముందు మాత్రం ఆయుష్మాన్ భారత్ హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి, ఆ ఆసుపత్రిలో మోకాలి మార్పిడి పథకం కింద ఉందో లేదో, ఒడిశా కార్డు తీసుకుంటారో లేదో కనుక్కోండి. కొన్ని ఆపరేషన్లని రాష్ట్రాలు ప్రభుత్వ ఆసుపత్రులకే ఉంచుకుంటాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కూడా అడగండి.

తమ్ముడి సంగతి. టెక్సాస్‌లో ఉన్న నా క్లాస్‌మేట్, నీకు ఎక్కువ జీతం రావాలంటే అమెరికా రావాల్సిందే అని వాడికి చెప్పిందట. ఆ పిల్ల చెప్పని సగం నేను చెబుతాను. అక్కడ చాలామంది పేషెంట్లు నచ్చిన డాక్టర్ని ఎంచుకోలేరు, ఇన్సూరెన్స్ కంపెనీ జాబితాలో ఎవరుంటే వాళ్ళే. ఉద్యోగం మారితే ఇన్సూరెన్స్ మారుతుంది, దాంతో పాతికేళ్ళుగా చూస్తున్న డాక్టరూ మారిపోవచ్చు. బీదవాళ్ళకిచ్చే మెడికెయిడ్ రేట్లు తక్కువని చాలామంది డాక్టర్లు వాళ్ళని తీసుకోరు. స్కాను రాస్తే కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడాలి. తన క్లినిక్‌లో ఆ అనుమతుల కాయితాలకే మనుషుల్ని పెట్టుకున్నానని తనే నాతో చెప్పుకుని ఏడ్చింది. సంపాదన ఎక్కువే, కాదనను.

వాడికి ఎముకల మీద నిజంగా ఇష్టముంటే ఆర్థో తీసుకోనీండి. రేటు ఎక్కువని మాత్రం వద్దు. గజపతి జిల్లాలో కొండల మీంచి దిగి వచ్చే సవర వాళ్ళకి, మన బజార్లో షుగరుతో తిరిగే వాళ్ళకి కావలసింది కూర్చోబెట్టి అడిగి, నాడి చూసి, చవక మందు రాసే జనరల్ మెడిసిన్ డాక్టరు. అలాంటి డాక్టరుకి ఈరోజు ఏ కార్డూ డబ్బివ్వదు. అయినా వాడికి మొదటి నుంచీ మనసు అటే ఉందని నాకనిపిస్తుంది. వాడు జనరల్ మెడిసిన్ అంటే పక్కింటి ఆర్థో అబ్బాయి కారుతో పోల్చకండి. క్లినిక్ పెట్టుకోవడానికి మొదటి రెండేళ్ళ అద్దె నేనిస్తాను. ఈ మాట మా ఆయనతోనూ మాట్లాడాను, ఆయనా సరేనన్నారు.

అమ్మా, నీ బీపీ రోజూ పొద్దున్నే చూసి కాగితం మీద రాసి పెట్టు. మాత్ర ఒక్క పూట కూడా మానకు, బాగుందని అస్సలు మానకు. పిన్ని, మావయ్యలని అడిగానని చెప్పు.

క్యాంపు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే, బరంపురంలో చూపించుకున్నాక చెబుతామని చెప్పండి నాన్నా. గట్టిగా అడిగితే నా నంబరివ్వండి, నేను మాట్లాడతాను.

మీ అమ్మాయి