తిండి గింజ మొలవకూడదని ఎవరన్నారు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో అలసందల వార్త చదివాను. అంగట్లో కొన్న రకరకాల అలసందలను పెరట్లో నాటి, కాసిన గింజలను ఇరుగుపొరుగుకు పంచుతున్న మహిళల గురించి రాశారు, సంతోషం. దాని పక్కనే ఒక అధికారి గారి హితబోధ కూడా వేశారు. అవి తిండి గింజలట, విత్తనాలు కావట, ధ్రువీకరించిన విత్తనమే వాడాలట. ఇన్ని రోజులైనా ఆ మాట మింగుడుపడటం లేదు.

అలాగే వాడతాం మహాప్రభో. అది దొరికే చోటు కూడా సెలవిచ్చి ఉండవలసింది. వరి, మినుము, శనగ అంటే సరే. పెరటికి గుప్పెడు ఎర్ర అలసందలు కావాలని మా కావలిలో అడిగితే, గుర్రం కొమ్ములు అడిగినట్టు చూశారు.

అలసంద పువ్వు పూర్తిగా విచ్చుకునేలోపే చాలావరకు తనలో తానే పరాగసంపర్కం ముగించుకుంటుంది. అందుకే హైబ్రిడ్ మొక్కజొన్నలా మరుసటి పంటకు గుణం చెదిరిపోదు. నల్ల కన్ను తెల్లవి, ఎర్రవి, గోధుమరంగు చుక్కలవి పక్కపక్కనే వేసినా కలిసిపోవడం అరుదు. మా ఇంట్లో ఒకే పొట్లంలోంచి ఏరి వేసిన గింజల్లో ఒకటి కురచగా గుబురు కట్టింది, ఇంకొకటి కంచె ఎక్కి పక్కింటి గోడ మీదికి పాకింది. పుచ్చినది మొలవదు, పప్పు చేసినది మొలవదు, పాతబడితే మొలక తగ్గుతుంది. పది గింజలు తడిగుడ్డలో మూటగట్టి మూడో నాడు విప్పితే సంగతి తేలిపోతుంది. దీనికీ ధ్రువపత్రం కావాలా?

ఆయన చెప్పవలసినది ఒకటుంది, అదే చెప్పలేదు. అలసందకు వచ్చే మొజాయిక్ వైరస్ తెగుళ్లలో కొన్ని గింజ ద్వారా కూడా పాకుతాయి. ఆకులు పసుపు, ఆకుపచ్చ మచ్చలు పడి ముడుచుకుపోయిన మొక్క గింజను ఎవరికీ ఇవ్వవద్దని ఒక్క ముక్క అంటే ఆ మహిళలకు ఉపకారం జరిగేది. దానికి పెరట్లోకి వెళ్లి ఆకు తిప్పి చూడాలి కదా, కుర్చీలోంచి కనిపించదు.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు. చేటలో పోసి పక్కింటి వదినకు ఇచ్చే గింజల మీద బ్రాండు ఎక్కడ అతికిస్తారు?

నెల్లూరు పేరు మోసిన మొలగొలుకులు అనే వరి రకం పొలాల్లోంచి జారిపోతుంటే ఇలాంటి పెద్దలే చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడేమో దేశవాళీ విత్తనాలంటూ సభలు, శాలువాలు, ఫొటోలు. వేదిక మీద ముగ్గులా పేర్చిన ఆ గింజల పళ్లేలు సభ ముగిశాక ఎవరి ఇంటికి వెళతాయో ఏ రైతుకూ తెలియదు.

మీ వార్తలోనూ ఒక లోటుంది. ఆ మహిళల దగ్గర ఏయే రకాలున్నాయో, కావలసినవారు ఎక్కడికి వెళ్లి తెచ్చుకోవాలో రాయలేదు. అధికారి గారి ఫొటోకు ఇచ్చిన చోటులో సగం చాలు. తొలకరికి ముందే వేయండి, తర్వాత వేస్తే మాకు పనికిరాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా