పొట్లంలో కట్టిచ్చే బిళ్లలకు పేరు రాయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా ఆయన కొబ్బరికాయల ఒలుపు కూలి. అంబాజీపేట చుట్టుపక్కల ఆయన పని. రెండేళ్ల క్రితం ఎడమ చేతి వెనకవైపు రూపాయి కాసంత ఎర్రటి మచ్చ లేచింది. మంట, కొద్దిగా దురద. వారం తిరిగేసరికి ఎరుపు తగ్గి నల్లగా మిగిలింది. నెల గడిచాక సరిగ్గా అదే చోట మళ్లీ ఎర్రబడింది. ఆ తర్వాత కింది పెదవి మీద ఇంకొకటి వచ్చింది. ఏడాదిన్నరలో ఇలా ఆరేడు సార్లు.

పీచు పడటం లేదన్నారు కొందరు. రొయ్యల చెరువుల నీళ్లన్నారు ఇంకొందరు. మా అత్తగారు పెద్దరోగమేమోనని భయపడి, ఆ మాట నోటితో అనలేక, కొడుకు కంచం, గ్లాసు విడిగా కడగడం మొదలుపెట్టారు. అది గమనించి ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మా వీధి ఆశ కార్యకర్త వచ్చి, ఆయన్ని కళ్లు మూసుకోమని మచ్చ మీద దూదితో తాకించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమంది. ప్రతిసారీ సరిగ్గా చూపించారు. కుష్ఠు మచ్చకు సాధారణంగా స్పర్శ తెలియదని, ఒకవేళ అదే అయినా ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే నయమవుతుందని, ఆ మందులు పీహెచ్‌సీలో ఉచితమని అత్తగారి పక్కన కూర్చుని చెప్పింది. ఆ పూట నుంచి గిన్నెలన్నీ మళ్లీ కలిపే కడుగుతున్నాం. ఆవిడ మేలు మరిచిపోలేను.

మచ్చకు కారణం మాత్రం తేలలేదు. చర్మం డాక్టరు కోసం పట్నం వెళితే ఒక రోజు కూలి పోతుంది, పైగా ఖర్చు. అందుకని ఫోన్‌లో ఒక యాప్‌కు డబ్బు కట్టి మచ్చ ఫోటో పంపాం. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కాసేపట్లోనే తామర అని క్రీమ్ రాసి పంపారు. ఇంకోసారి ఇంకొకరు అలర్జీ అన్నారు. మధ్యలో మందుల షాపతను ఇచ్చిన ట్యూబులో స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. ఏది పూసినా వారానికి తగ్గినట్టే ఉండేది. ఏమీ పూయకపోయినా వారానికి తగ్గే మచ్చ అని మాకేం తెలుసు?

చివరికి మా ఊరి హెల్త్ క్లినిక్‌లో, ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని వీడియో కాల్‌లో చూపించాం. అవతల ఉన్న డాక్టరమ్మ, మచ్చ లేచే ముందు రోజు ఏ బిళ్ల వేసుకున్నారని అడిగారు. అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ ఆ మాట అడగలేదు. కాయ ఎక్కువ వచ్చిన రోజు నడుం, భుజాలు పట్టేస్తే ఆయన షాపులో ఒళ్లునొప్పుల పొట్లం తెచ్చుకుంటారు. రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి మచ్చ. మేం ఏనాడూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు.

ఏ బిళ్ల అంటే చెప్పలేకపోయాం. ఒకటి పసుపుపచ్చది, ఒకటి తెల్లది. షీటులోంచి విడదీసి, కాగితంలో చుట్టి ఇచ్చినవి. రంగు చెబితే డాక్టరుకు ఏం తెలుస్తుంది? నేను షాపుకు వెళ్లి, బతిమాలి, షీట్లు చూపించమని ఫోటోలు తీసుకుని, మూడో రోజు మళ్లీ కాల్‌లో చూపించాను. ఒంటికి పడని మందు వేసుకున్న ప్రతిసారీ అదే చోట మచ్చ లేచే జబ్బు ఇదని, ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారని చెప్పారు. నొప్పి బిళ్లలకూ, కొన్ని యాంటీబయోటిక్‌లకూ ఇలా వస్తుందట. వేసుకుంటూ పోతే మచ్చలు పెరుగుతాయట. ఆ నొప్పి బిళ్ల మానేసి ఎనిమిది నెలలైంది. కొత్త మచ్చ రాలేదు. పాతది నెమ్మదిగా వెలిసిపోతోంది. ఆ మందు పేరు కాగితం మీద రాసి ఆయన ఆధార్ కవరులో పెట్టాను.

ఆన్‌లైన్ వైద్యం వద్దని నేను అనను. మాకు మేలు జరిగింది దానివల్లే. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం తామరకు పూసే క్లోట్రిమజోల్ లాంటి చర్మం మందులను కొత్త రోగికి వీడియోలో చూశాకే రాయాలి. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఒక్క ఫోటో చూసి క్రీమ్ రాసేవాళ్ల మీద ఎవరి నిఘా ఉందో ప్రభుత్వం చెప్పాలి. ఈ-సంజీవనిలో చర్మం డాక్టరు వారంలో ఏ రోజు, ఏ వేళ దొరుకుతారో ప్రతి ఊరి క్లినిక్ గోడ మీద రాయాలి. కూలీలు ఆ పూట పని మానుకుని వస్తారు.

ఇక మందుల షాపులు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, చీటీ లేకుండా అమ్మకూడదు. స్టెరాయిడ్ క్రీముల మీద కూడా 2018లో కేంద్రం అదే ఆంక్ష పెట్టింది. సాయంత్రం ఏడింటికి నడుం వంగని కూలివాడు చీటీ ఎక్కడి నుంచి తెస్తాడన్నది నాకూ తెలిసిన కష్టమే. కనీసం ఆ పొట్లం మీద బిళ్ల పేరు పెన్నుతో రాసి ఇవ్వమని ఔషధ నియంత్రణ అధికారులు షాపులవాళ్లకు గట్టిగా చెప్పాలి. ఆర్‌ఎంపీలు కట్టిచ్చే పొట్లాలకు కూడా ఇదే వర్తించాలి.

మా ఆయనతో ఒలుపు చేసే ఇంకొకతనికి పెదవి మీద ఇలాంటి నల్లమచ్చే ఉంది. ఏం వేసుకుంటున్నావని అడిగితే జేబులోంచి పొట్లం తీసి చూపించాడు. అందులో మూడు బిళ్లలున్నాయి. ఒక్కదాని పేరూ అతనికి తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా